అమెరికా మిలిటరీలో ప్రమోషన్ ఆగిపోతే రికార్డ్ కరెక్షన్ బోర్డ్‌కి ఎలా అప్లై చేయాలి

ప్రమోషన్ లిస్ట్ వచ్చిన ప్రతిసారీ ఆ వారంలో నాకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేస్తారు, "అన్నా లిస్ట్‌లో నా పేరు లేదు, నా వెనకొచ్చినవాడికి వచ్చింది, అప్పీల్ ఎక్కడ చేసుకోవాలి" అని. నేను యూఎస్ ఆర్మీలో ఎస్-1 షాపులో, అంటే యూనిట్ పర్సనల్ ఆఫీసులో, ఏళ్ళ తరబడి ఈ కాగితాల మధ్యే పనిచేశాను, నా సొంత ప్రమోషన్ కూడా ఒకసారి ఒక తప్పుడు ఎన్సీఓఈఆర్ (ఎన్సీఓల, అంటే సార్జెంట్ స్థాయి వాళ్ళ, పనితీరు రిపోర్ట్) వల్ల ఆగింది, దాన్ని తీయించడానికి నేను చేసిన తప్పులే ఇప్పుడు అందరూ చేస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాస్తున్నా.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకోండి, "నాకు ప్రమోషన్ ఇవ్వలేదు" అనేదాని మీద అప్పీల్ ఉండదు. సెలక్షన్ బోర్డ్ లోపల ఏం మాట్లాడుకున్నారో చట్టప్రకారం రహస్యం, మిమ్మల్ని ఎందుకు తీసుకోలేదో ఎవరూ చెప్పరు. మీరు కొట్లాడాల్సింది మీ రికార్డ్ మీద. "ఆ రోజు బోర్డ్ ముందుకెళ్ళిన నా ఫైల్‌లో ఫలానా తప్పు ఉంది, ఇదిగో రుజువు, అది సరిచేసి నన్ను మళ్ళీ ఒక బోర్డ్ ముందు పెట్టండి" అని అడగాలి. నేను మంచి సోల్జర్‌ని, నాకు అన్యాయం జరిగింది అని పదిసార్లు రాసినా ఈ ఒక్క వాక్యం లేకపోతే ఫైల్ నిలబడదు.

దీనికి ఆధారం అమెరికా చట్టంలో టైటిల్ 10 సెక్షన్ 1552. రికార్డ్‌లో తప్పు గానీ అన్యాయం గానీ ఉంటే సివిలియన్లతో కూడిన బోర్డ్ ద్వారా దాన్ని సరిచేసే అధికారం ఆ సర్వీస్ సెక్రటరీకి ఉంటుంది. ఆర్మీకి ఏబీసీఎంఆర్, నేవీకీ మెరైన్ కోర్‌కీ కలిపి బీసీఎన్ఆర్, ఎయిర్ ఫోర్స్‌కీ స్పేస్ ఫోర్స్‌కీ ఏఎఫ్‌బీసీఎంఆర్, కోస్ట్ గార్డ్‌కి హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ కింద వేరే బోర్డ్. ఫీజు లేదు. సర్వీస్‌లో ఉన్నా, బయటికొచ్చేసినా వేసుకోవచ్చు, మనిషి చనిపోతే కుటుంబం వాళ్ళు కూడా వేయొచ్చు. థియరీ ఇంతవరకు చాలు.

(ఇండియన్ ఆర్మీలో ఉన్న తమ్ముళ్ళు కూడా అడుగుతున్నారు, మీ దారి ఇది కాదు, ముందు స్టాట్యూటరీ కంప్లైంట్, ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, మన రాష్ట్రాలవాళ్ళకి చెన్నై బెంచ్. ఇక్కడ రాసేది అమెరికా సంగతి మాత్రమే.)

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ పూర్తి ఓఎంపీఎఫ్ (అధికారిక సర్వీస్ ఫైల్) కాపీ. ఆర్మీ వాళ్ళకి ఐపెర్మ్స్, ఎయిర్ ఫోర్స్ వాళ్ళకి పీఆర్‌డీఏ అనే ఆన్‌లైన్ సిస్టమ్‌లలో దొరుకుతుంది. బయటికొచ్చేసిన వాళ్ళు స్టాండర్డ్ ఫారం 180 నింపి సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్‌కి పంపాలి
- మీ పేరు రాని ఆ సెలక్షన్ బోర్డ్ ముందుకి వెళ్ళిన ఫైల్ ఎలా ఉందో చూపించే కాపీ లేదా స్క్రీన్‌షాట్ (ఇది చాలామంది దగ్గర ఉండదు, అందుకే బోర్డ్ ఫైల్ ఓపెన్ అయిన రోజే సేవ్ చేసుకోమని మొత్తుకుంటాను)
- డీడీ ఫారం 149 (కరెక్షన్ బోర్డ్‌కి పెట్టే అప్లికేషన్ ఇదే), కొత్త వెర్షన్
- తప్పుని నిరూపించే కాగితాలు: ఆర్డర్స్, అవార్డ్ సర్టిఫికెట్లు, ఈమెయిల్స్, లీవ్ ఫారాలు
- కింది స్థాయిలో మీరు వేసిన అప్పీళ్ళు, వాటికి వచ్చిన జవాబులు
- ఒక పేజీలో తేదీల వరుస. ఏ రోజు ఏం జరిగింది, ఒక్కో లైన్ అంతే

1. తప్పు ఏ రకమో ముందు తేల్చుకోండి

ఒక సాయంత్రం కూర్చుని ఫైల్ మొత్తం ఒక్కో పేజీ తిప్పండి. సాధారణంగా నాలుగు రకాలు కనిపిస్తాయి. ఉండాల్సిన కాగితం లేకపోవడం, ఉండకూడని కాగితం ఉండటం (వేరేవాళ్ళది వచ్చి మీ ఫైల్‌లో పడటం కూడా జరుగుతుంది), రిపోర్ట్ ఉంది కానీ అది రూల్స్ ప్రకారం రాసింది కాకపోవడం, అర్హత ఉన్నా పొరపాటున మీ పేరు అసలు బోర్డ్ ముందుకే వెళ్ళకపోవడం.

మనవాళ్ళకి ప్రత్యేకంగా రెండు చెప్తాను. మొదటిది పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకలా, వీసాలో గివెన్ నేమ్ లేక ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని, సిటిజన్‌షిప్ వచ్చాక ఇంకోలా, ఈ మూడు పేర్లతో మూడు రకాల కాగితాలు తిరుగుతుంటాయి, పాత పేరుతో ఉన్న సర్టిఫికెట్ ఫైల్‌లోకి ఎక్కకపోయినా మీకు తెలియదు. నేచురలైజేషన్ సర్టిఫికెట్, పేరు మార్పు ఆర్డర్ కాపీ దగ్గర పెట్టుకోండి. రెండోది డిగ్రీ. జేఎన్‌టీయూలోనో ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో చేసిన బీటెక్, డిగ్రీ అమెరికన్ డిగ్రీతో సమానమని ఇవాల్యుయేషన్ చేయించి పెట్టకపోతే సివిలియన్ ఎడ్యుకేషన్ కింద లెక్కలోకి రాదు. ఎన్‌లిస్టెడ్ వాళ్ళకి (ఆఫీసర్లు కాని సైనికులకి) ప్రమోషన్ పాయింట్లు అక్కడే పోతాయి. కానీ ఇవాల్యుయేషన్ మీరే చేయించలేదు అంటే అది బోర్డ్ సరిచేసే తప్పు కాదు, ఇప్పుడు చేయించి వచ్చేసారికి పెట్టుకోండి. చేయించి ఇచ్చినా ఆఫీసు వాళ్ళు ఎక్కించలేదు, ఇచ్చినట్టు ఈమెయిల్ ఉంది అంటే అప్పుడు కేసు ఉన్నట్టు.

ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. ఆఫీసర్లకి స్పెషల్ సెలక్షన్ బోర్డ్ (సరిచేసిన ఫైల్‌ని మళ్ళీ చూసే బోర్డ్) అడిగేటప్పుడు "బోర్డ్‌కి ముందే నువ్వు జాగ్రత్తగా చూసుకుని ఉంటే ఈ తప్పు కనిపించేది కదా, సరిచేయించుకునేవాడివి కదా" అనే ప్రశ్న వస్తుంది, దానికి సమాధానం లేకపోతే కాగితం ఎంత గట్టిగా ఉన్నా తిప్పేస్తారు. కాబట్టి బోర్డ్‌కి ముందు మీరు ఏం చేశారు, ఎవరికి మెయిల్ పెట్టారు, ఎన్నిసార్లు అడిగారు అన్నది కూడా రుజువులతో ఉండాలి. ఎస్-1 వాళ్ళతో నోటిమాటగా చెప్పాను అంటే నేను నమ్ముతాను, బోర్డ్ నమ్మదు.

2. కింది మెట్లు ముందు ఎక్కండి

కరెక్షన్ బోర్డ్ ఆఖరి మెట్టు. కింద ఉన్న దారులు వాడకుండా నేరుగా వెళ్తే ఫైల్ వెనక్కి వచ్చేస్తుంది.

ఆర్మీలో ఇవాల్యుయేషన్ రిపోర్ట్ (పనితీరు రిపోర్ట్) మీద అయితే ఏఆర్ 623-3 అనే ఆర్మీ రూల్ ప్రకారం అప్పీల్ వేయాలి. తేదీలు, రేటర్ (రిపోర్ట్ రాసే పై అధికారి) పేరు, నెలల లెక్క లాంటివి అడ్మినిస్ట్రేటివ్ తప్పులు. రాసిన విషయమే అబద్ధం, పక్షపాతం అంటే సబ్‌స్టాంటివ్, దీనికి రిపోర్ట్ ముగింపు తేదీ నుంచి 3 ఏళ్ళ గడువు. రిపోర్ట్ చేతికొచ్చిన వెంటనే అయితే కమాండర్స్ ఇంక్వైరీ కూడా అడగొచ్చు, ఆలస్యం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఎయిర్ ఫోర్స్‌లో దీనికి ఈఆర్ఏబీ అనే అప్పీల్ బోర్డ్ ఉంది, మెరైన్లకి పీఈఆర్‌బీ.

కాగితం మిస్ అయిన కేసుల్లో చాలాసార్లు కరెక్షన్ బోర్డ్ దాకా వెళ్ళాల్సిన పనే ఉండదు. ఆఫీసర్ అయితే టైటిల్ 10 సెక్షన్ 628 కింద (రిజర్వ్ వాళ్ళకి 14502) స్పెషల్ సెలక్షన్ బోర్డ్‌కి నేరుగా సర్వీస్ పర్సనల్ కమాండ్‌కే రిక్వెస్ట్ పెట్టొచ్చు. ఆర్మీలో సీనియర్ ఎన్సీఓలకి ఇలాంటిదే స్టాండ్‌బై అడ్వైజరీ బోర్డ్ ఉంటుంది, ఎయిర్ ఫోర్స్ ఎన్‌లిస్టెడ్‌కి సప్లిమెంటల్ కన్సిడరేషన్. ఇవి అడిగి, కాదన్నాక ఆ లెటర్ పట్టుకుని పైకి వెళ్ళండి, ఆ లెటర్ కూడా మీ రుజువుల్లో ఒకటి అవుతుంది.

ఎవరి మీదైనా ఐజీకో (ఇన్‌స్పెక్టర్ జనరల్) కాంగ్రెస్ మెంబర్‌కో ఫిర్యాదు చేసినందుకు కక్షతో రిపోర్ట్ పాడుచేశారు అని మీ దగ్గర ఆధారం ఉంటే అది వేరే రకం కేసు, టైటిల్ 10 సెక్షన్ 1034 కిందకి వస్తుంది, ఐజీ దర్యాప్తు ముందు జరగాలి, అప్లికేషన్‌లో ఆ సెక్షన్ పేరు స్పష్టంగా రాయాలి ఎందుకంటే దానికి 180 రోజుల్లో నిర్ణయం చెప్పాలనే రూల్ ఉంది.

3. గడువు చూసుకోండి

తప్పు మీకు తెలిసిన రోజు నుంచి 3 ఏళ్ళు. దాటిపోతే అయిపోయినట్టు కాదు, న్యాయం కోసం అవసరం అనిపిస్తే బోర్డ్ ఆలస్యాన్ని మన్నించొచ్చు, కానీ ఎందుకు ఆలస్యమైందో ఫారంలోనే రాయాలి. "తెలియదు" అని ఒక్క ముక్క రాసి వదిలేయొద్దు, ఎప్పుడు ఎలా తెలిసిందో రాయండి.

ఆఫీసర్లకి ఇంకో గడియారం తిరుగుతుంటుంది. కెప్టెన్ గానీ మేజర్ గానీ తర్వాతి ర్యాంకుకి రెండుసార్లు సెలెక్ట్ కాకపోతే, ప్రత్యేకంగా కంటిన్యూ చేస్తే తప్ప, కొన్ని నెలల్లో బయటికి పంపించేస్తారు, 18 ఏళ్ళు దాటి రిటైర్మెంట్‌కి దగ్గరలో ఉన్నవాళ్ళని మాత్రం ఉంచుతారు. డీడీ 149 వేసినంత మాత్రాన ఆ సెపరేషన్ ఆగదు. కాబట్టి రెండోసారి దాకా ఆగకుండా మొదటిసారి పేరు రానప్పుడే ఫైల్ తిప్పండి.

4. రుజువులు పోగేయడం

నా కథ ఇక్కడే చెప్పాలి. నా ఎన్సీఓఈఆర్ రాసిన రేటర్ నన్ను సూపర్‌వైజ్ చేసింది రెండు నెలలు కూడా కాదు, రూల్ ప్రకారం కనీసం 90 రోజులు ఉండాలి. ఇంత సింపుల్ పాయింట్ చేతిలో పెట్టుకుని నేను మొదటిసారి ఏం చేశానంటే తొమ్మిది పేజీలు రాశాను, ఆయన నన్ను ఎలా చూసేవాడు, నా యాస మీద ఏమన్నాడు, డ్యూటీలు ఎలా వేశాడు, అన్నీ నిజాలే, కానీ ఒక్కదానికీ కాగితం లేదు, 90 రోజుల సంగతి ఏడో పేజీలో ఎక్కడో రెండు లైన్లు. తగిన ఆధారం లేదు అని తిప్పి పంపారు. ఆ రాత్రి మా ఆవిడ ఆ తొమ్మిది పేజీలు చదివి "ఇందులో నీ బాధ తెలుస్తోంది గానీ నువ్వు అడిగేది ఏంటో తెలియట్లేదు" అంది. రెండోసారి పేజీన్నర రాశాను. ఆయన యూనిట్‌కి వచ్చిన తేదీ ఉన్న ఆర్డర్, నేను వేరే చోటికి ట్రైనింగ్‌కి వెళ్ళిన ఆర్డర్, మధ్యలో నా లీవ్ ఫారం, అప్పుడు ఫస్ట్ సార్జెంట్‌గా ఉన్నాయన ఇచ్చిన సంతకం ఉన్న స్టేట్‌మెంట్, నాలుగే కాగితాలు. రిపోర్ట్ తీసేశారు.

ప్రభుత్వ ఆఫీసులు చేసింది కరెక్టే అని కరెక్షన్ బోర్డ్ ముందుగా అనుకుంటుంది, కాదు అని నిరూపించాల్సిన బరువు మీదే. అందుకని:

సాక్షుల స్టేట్‌మెంట్ అంటే "చాలా మంచివాడు, కష్టపడతాడు" అనే లెటర్ కాదు. ఆ సమయంలో అక్కడ ఉండి కళ్ళారా చూసినవాళ్ళు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మీతో పనిచేశారు, ఏం చూశారు అని రాయాలి, సంతకం, తేదీ, ర్యాంకు, ఫోన్ ఉండాలి. తర్వాతి యూనిట్ కమాండర్ ఎంత గొప్పగా రాసినా పాత రిపోర్ట్ తప్పని దానివల్ల తేలదు. పాత రేటర్ స్వయంగా "అప్పుడు నాకు ఫలానా విషయం తెలియదు, తెలిసుంటే అలా రాసేవాణ్ణి కాదు" అని ఇస్తే బలమే, కానీ ఆ తెలియని విషయం ఏంటో అందులో ఉండాలి, ఉత్తినే మనసు మార్చుకున్నాను అంటే లెక్కచేయరు.

దొరకని కాగితాలకి ప్రైవసీ యాక్ట్ కింద, ఎఫ్ఓఐఏ (అక్కడి సమాచార హక్కు చట్టం) కింద రిక్వెస్ట్ పెట్టండి. పాత బోర్డ్ నిర్ణయాలు పేర్లు తీసేసి ఆన్‌లైన్ రీడింగ్ రూముల్లో పెడతారు, మీలాంటి కేసులు ఒక ఐదు చదవండి, ఎందుకు ఇచ్చారు ఎందుకు కాదన్నారు అన్నది అర్థమవుతుంది. నా దృష్టిలో లాయర్ దగ్గరికి వెళ్ళేముందు చేయాల్సిన పని ఇదే.

5. డీడీ ఫారం 149 నింపడం

ఏం కావాలి అని అడిగే గడిలో ఏం కావాలో వరుసగా రాయండి. ఇలా: ఒకటి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఉన్న రిపోర్ట్ నా ఫైల్ నుంచి తీసేయాలి. రెండు, ఆ ఖాళీకి నాన్‌రేటెడ్ (ఆ కాలానికి రిపోర్ట్ లేదు) అని స్టేట్‌మెంట్ పెట్టాలి. మూడు, ఫలానా సంవత్సరం బోర్డ్‌లో సెలెక్ట్ కాలేదన్న ఎంట్రీ తీసేయాలి. నాలుగు, సరిచేసిన ఫైల్‌తో స్పెషల్ సెలక్షన్ బోర్డ్ పెట్టాలి. ఐదు, సెలెక్ట్ అయితే అసలు రావాల్సిన తేదీ నుంచి ర్యాంకు, జీతం ఇవ్వాలి. వాళ్ళే అర్థం చేసుకుని ఇస్తారులే అనుకోవద్దు, అడగనిది రాదు అనే లెక్కలోనే రాయండి.

"నన్ను మేజర్ చేయండి" అని మాత్రం రాయకండి. యాక్టివ్ డ్యూటీలో మేజర్ నుంచి పై ర్యాంకులకి సెనేట్ ఆమోదం కావాలి, అది కరెక్షన్ బోర్డ్ ఇచ్చేది కాదు, వాళ్ళు చేయగలిగింది మళ్ళీ న్యాయంగా పోటీ పడే అవకాశం ఇప్పించడం. ఎన్‌లిస్టెడ్ వాళ్ళకి, ముఖ్యంగా పాయింట్లు కలిపితే కటాఫ్ దాటినట్టు లెక్క తేలితే, నేరుగా ప్రమోషన్ తేదీ సరిచేయమని అడగొచ్చు, ఆ నెల కటాఫ్ ఎంత, మీ అసలు పాయింట్లు ఎంత అనే లెక్క పక్కన పెట్టండి.

ఎందుకు తప్పు అనే గడిలో "జతచేసిన స్టేట్‌మెంట్ చూడండి" అని రాసి రెండు మూడు పేజీల స్టేట్‌మెంట్ పెట్టండి. ప్రతి వాక్యం చివర ఏ ఎగ్జిబిట్ (జతచేసిన రుజువు కాగితం) చూడాలో రాయండి. రేటర్‌ని తిట్టొద్దు, ఎంత కోపం ఉన్నా.

పర్సనల్ హియరింగ్ అడిగే గడి ఉంటుంది, అడగండి తప్పులేదు, కానీ దాన్ని నమ్ముకుని కాగితంలో సగం దాచిపెట్టకండి, దాదాపు అన్నీ కాగితం మీదే తేలిపోతాయి.

6. పంపే ముందు ఒకసారి చెక్ చేయండి

సంతకం, తేదీ ఉన్నాయా (సంతకం లేని ఫారం వెనక్కి వస్తుంది). ఒరిజినల్స్ కాకుండా కాపీలే పెట్టారా. ఎగ్జిబిట్ నంబర్లు స్టేట్‌మెంట్‌లో ఉన్నవాటితో కలుస్తున్నాయా. వేరేవాళ్ళ సోషల్ సెక్యూరిటీ నంబర్లు కొట్టేశారా. పేరు మారిన వాళ్ళు పాత పేరు, కొత్త పేరు రెండూ రాశారా. మీ కేసు అస్సలు తెలియని ఒక ఫ్రెండ్‌కి ఇచ్చి ఐదు నిమిషాల తర్వాత "నేనేం అడుగుతున్నాను" అని అడగండి, వాళ్ళు ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే మళ్ళీ రాయాలి. మొత్తం సెట్ ఒక పీడీఎఫ్ చేసి మీ దగ్గర పెట్టుకోండి. ఆన్‌లైన్ పోర్టల్ ఉంటే అందులో వేయండి, పోస్ట్‌లో అయితే ట్రాకింగ్‌తో.

లాయర్ తప్పనిసరి కాదు. బేస్‌లో లీగల్ అసిస్టెన్స్ ఆఫీసు ఉంటుంది, అమెరికన్ లీజియన్, డీఏవీ లాంటి మాజీ సైనికుల సంస్థలు ఉచితంగా సాయం చేస్తాయి. కక్షసాధింపు కేసు, సెపరేషన్ దగ్గరపడిన కేసు అయితే మాత్రం మిలిటరీ కేసులు చేసే లాయర్‌కి ఒకసారి చూపించండి.

7. ఎదురుచూడటం, అడ్వైజరీ ఒపీనియన్

వచ్చే అప్లికేషన్లలో 90 శాతం 10 నెలల్లో, అన్నీ 18 నెలల్లోపు తేల్చాలని చట్టంలో ఉంది, కాబట్టి ఏడాది పైనే మనసులో పెట్టుకోండి. ఈలోగా అడ్రస్, ఈమెయిల్ మారితే బోర్డ్‌కి చెప్పాలి.

మధ్యలో పర్సనల్ ఆఫీసు వాళ్ళ అభిప్రాయం, అడ్వైజరీ ఒపీనియన్ అంటారు, మీకు ఒక కాపీ వస్తుంది. అది వ్యతిరేకంగా ఉంటే చాలామంది "అయిపోయింది ఇక" అని వదిలేస్తారు. అయ్యో వదలకండి, అది తీర్పు కాదు, లెటర్‌లో ఇచ్చిన గడువులోపు జవాబు రాయండి, వాళ్ళు చెప్పిన ప్రతి పాయింట్‌కీ ఒక పేరా. గడువు సరిపోకపోతే ముందే ఎక్స్‌టెన్షన్ అడగండి. జవాబు లేకుండా వదిలేస్తే బోర్డ్ ముందు వాళ్ళ మాట ఒక్కటే మిగులుతుంది.

8. అనుకూలంగా వస్తే, పని నిజంగా జరిగిందో లేదో చూసుకోండి

లెటర్ వచ్చింది కదా అని స్వీట్లు పంచేసి వదిలేయకండి. రెండు మూడు వారాలకోసారి ఫైల్ ఓపెన్ చేసి చూడాలి. పాత రిపోర్ట్ పోయిందా, రిస్ట్రిక్టెడ్ ఫోల్డర్‌లో ఎక్కడైనా ఇంకో కాపీ మిగిలిందా, నాన్‌రేటెడ్ స్టేట్‌మెంట్ వచ్చిందా, దానిలో తేదీలు కరెక్టేనా, అప్పీల్ వేశారని తెలిపే కాగితాలు ఏవైనా బోర్డ్ కంట్లో పడేలా ఉన్నాయా. ఇవన్నీ స్పెషల్ బోర్డ్ కూర్చునే లోపే చూడాలి, ఎందుకంటే ఆ బోర్డ్ మీ ఫైల్‌ని పాత బోర్డ్‌లో సెలెక్ట్ అయినవాళ్ళవీ కానివాళ్ళవీ కొన్ని ఫైళ్ళ పక్కన పెట్టి పోల్చి చూస్తుంది.

అందులో సెలెక్ట్ అయితే మొదటి బోర్డ్‌లోనే అయినట్టు డేట్ ఆఫ్ ర్యాంక్ రావాలి. ఆర్డర్‌లో డేట్ ఆఫ్ ర్యాంక్, ఎఫెక్టివ్ డేట్ రెండూ చూడండి, ఒకటి వెనక్కి వేసి ఇంకోటి ఈరోజుది వేసిన ఆర్డర్లు నేనే మా ఆఫీసులో చూశాను, ఎఫెక్టివ్ డేట్ తప్పైతే జీతం బకాయి రాదు. డీఎఫ్ఏఎస్ (మిలిటరీ జీతాల ఆఫీసు) వేసిన లెక్కని నెలనెలా పాత ఎల్ఈఎస్‌లు (జీతం స్లిప్పులు) పక్కన పెట్టుకుని చూసుకోండి, మధ్యలో సర్వీస్ బయట ఉండి ఉద్యోగం చేసి ఉంటే ఆ సంపాదన తగ్గించి ఇస్తారు, దానికి ట్యాక్స్ కాగితాలు అడుగుతారు.

కాదంటే

నిర్ణయం కాగితంలో కారణాలు ఉంటాయి, కోపంలో కాకుండా రెండు రోజులు ఆగి చదవండి. ఏ రుజువు లేదన్నారో అది సంపాదిస్తే రీకన్సిడరేషన్ అడగొచ్చు. బోర్డ్ ఇంతకుముందు చూడని కొత్త మెటీరియల్ ఉంటే ఎప్పుడు వేసినా మళ్ళీ చూడాల్సిందే అని చట్టంలోనే ఉంది. అదే స్టేట్‌మెంట్‌ని ఇంకా ఘాటుగా రాసి పంపితే కొత్త మెటీరియల్ అవదు. నాది రెండోసారి ఈ దారిలోనే అయింది.

తర్వాత కోర్టు. జీతం బకాయి కోసం కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్, బోర్డ్ నిర్ణయం చట్టవిరుద్ధం అంటే ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్ట్. మీకు ప్రమోషన్ రావాలా వద్దా అని జడ్జి చూడరు, బోర్డ్ సరిగ్గా ఆలోచించిందా లేదా అనేది మాత్రమే చూస్తారు. ఒక హెచ్చరిక, మిమ్మల్ని సర్వీస్ నుంచి పంపించేసి ఉంటే క్లెయిమ్స్ కోర్టులో 6 ఏళ్ళ గడువు పంపించిన రోజు నుంచే నడుస్తుంది, కరెక్షన్ బోర్డ్‌లో ఫైల్ ఉంది కదా అని ఆగదు. 2003లో ఫెడరల్ సర్క్యూట్ కోర్ట్ ఇది తేల్చి చెప్పింది. డిశ్చార్జ్ అయి నాలుగేళ్ళు దాటి బోర్డ్ జవాబు కోసం కూర్చుని ఉంటే, ఈ వారంలోనే లాయర్‌తో మాట్లాడండి.